డెబ్బై రెండు గంటల్లోగా

సూది గుచ్చుకున్న సంగతి ఎల్లేష్‌కు వెంటనే తెలియలేదు.

ఆ మంగళవారం పొద్దున మర్రిగూడ శివారులో బర్రె అడ్డం రావడంతో ఒకాయన మోటార్ సైకిల్ మీదనుంచి పడిపోయాడు. పేరు రామచంద్రం, యాభై ఏళ్లుంటాయి, టైలర్. తొడ ఎముక విరిగింది, మోకాలి పైన చర్మం చీలి నెత్తురు కారుతోంది. వెనక కూర్చున్న భార్య శ్యామలమ్మకు మోచేతులు మాత్రం కొట్టుకుపోయాయి. అంబులెన్స్‌లో రోగిని చూసుకునే పని ఎల్లేష్‌ది. బండి నడిపేది బీరన్న. రామచంద్రాన్ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, నెత్తురు ఆగేలా కట్టు కట్టి, సెలైన్ పెట్టడానికి ఎల్లేష్ అతని చెయ్యి పట్టుకున్నాడు. సగం స్పృహలో ఉన్న మనిషి ఆ చెయ్యి నెట్టేశాడు.

"వద్దు సార్... ముట్టకుండ్రి..."

దెబ్బలు తగిలినవాళ్లు ఇలాంటివి చాలా అంటారు. ఎల్లేష్ ఆ మణికట్టును ఇంకా గట్టిగా పట్టుకుని నరం దొరికించుకున్నాడు. సూదిని బయటికి లాగి డబ్బాలో వేయబోయేంతలో బీరన్న గుంత తప్పించడానికి బండిని పక్కకు తిప్పాడు. బండి ఊగింది. ఎల్లేష్ నిలదొక్కుకున్నాడు, సూది డబ్బాలో పడింది, సెలైన్ ఎక్కుతోంది. అప్పటికి టైం పదిన్నర.

దగ్గరి దవాఖానలో రోగిని అప్పగించి గ్లౌజులు తీసేటప్పుడు చూశాడు. ఎడమ బొటనవేలి దగ్గర గ్లౌజు లోపలివైపు ఎర్రగా ఉంది.

సబ్బు రుద్ది కుళాయి కింద వేలు పెట్టి నిలబడ్డాడు. వెనకనుంచి శ్యామలమ్మ వచ్చింది.

"సార్, మీ ఏలికి ఏమైంది?"

"ఏం లేదమ్మా. జర గీసుకపోయింది."

"ఆయనకు పెట్టిన సూదేనా?"

ఎల్లేష్ వేలిని ఇంకా గట్టిగా రుద్దుకున్నాడు. ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఆయనకు హెచ్ఐవీ ఉన్నది సార్. తొమ్మిదేండ్ల సంది మందులు వాడుతున్నడు. గందుకే ముట్టకుండ్రి అన్నడు. లోపల డాక్టర్‌కు చెప్పిన. మీకు గూడ చెప్పాలె గదా."

ఎల్లేష్ తలూపాడు. మంచిదమ్మా అన్నాడో, సరే అన్నాడో తర్వాత గుర్తు రాలేదు. కుళాయి కట్టేయడం కూడా మరిచి బయటికి వచ్చాడు.

ఏం చేయాలో అతనికి బాగా తెలుసు. శిక్షణలో మొదటి వారమే నేర్పారు. ఇలాంటిది జరిగితే మందు వెంటనే మొదలుపెట్టాలి. ఎక్కువలో ఎక్కువ డెబ్బై రెండు గంటలు. ఆ తర్వాత మొదలుపెట్టినా ఫలం ఉండదు. మందు నల్గొండ పెద్ద దవాఖానలో ఉచితంగానే ఇస్తారు. కానీ అంతకుముందు సూపర్‌వైజర్‌కు చెప్పి, ఫారం నింపాలి.

ఆ ఫారం దగ్గరే అతని కాళ్లు ఆగిపోయాయి. నెలాఖరుకు కాంట్రాక్టు రెన్యువల్. కిందటేడు స్ట్రెచర్ ఎత్తుతూ నడుము పట్టేసిన నాగరాజు ఇట్లాగే ఫారం నింపాడు. నాలుగు రోజులు రెస్ట్ తీసుకోమన్నారు. తర్వాత వచ్చిన లిస్టులో అతని పేరు లేదు. ఎందుకు లేదని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఎల్లేష్ ఇంట్లో నలుగురు. తల్లి నిర్మలమ్మ చిన్నప్పటినుంచి తాగిన ఫ్లోరైడ్ బోరు నీళ్లు ఆమె ఎముకల్ని కొయ్యలు చేశాయి. మెడ తిరగదు, నడుము వంగదు. పొద్దున లేపి కూర్చోబెట్టేది, స్నానం చేయించేది కోడలు ప్రణీతే. అందుకోసమే ప్రణీత రెండేళ్ల కిందట బడిలో టీచర్ పని మానేసింది. అయిదేళ్ల బిడ్డ మనస్విని. రెండెకరాల మెట్ట చెల్క వానపడ్డ ఏడాది పత్తి ఇస్తుంది, పడని ఏడాది ఏమీ ఇవ్వదు. నెల నెలా ఇంట్లోకి వచ్చేది ఎల్లేష్ జీతం ఒక్కటే. సెలవు పెట్టినవాళ్ల డ్యూటీలు కూడా తనే చేసి ఇల్లు లాక్కొస్తున్నాడు.

రేపు పోదాం అనుకున్నాడు. ఇంకా టైముంది.

ఆ సాయంత్రం మనస్విని "బాపూ" అంటూ ఉరికొచ్చి కాళ్లకు చుట్టుకుంది. అతను పిల్లను విడిపించి దూరంగా నిలబెట్టాడు. ముట్టుకుంటే ఏమీ కాదని తెలుసు. ఆ మాట తానే ఎంతమందికో చెప్పాడు. అయినా చెయ్యి ముందుకు రాలేదు. అన్నం తిని కంచం తనే కడుక్కున్నాడు, వాకిట్లో మంచం వేసుకుని పడుకున్నాడు. ప్రణీత గడపలో నిలబడి చూసింది కానీ ఏమీ అడగలేదు.

బుధవారం మధ్యాహ్నం పత్తిచేనులో ఎండదెబ్బ తగిలి పడిపోయిన కూలి మనిషిని ఎక్కించుకున్నారు. ఆమె పెదవులు ఎండిపోయాయి, నాడి అందడం లేదు. ఎల్లేష్ సూది తీశాడు. దాని మొన చూడగానే వేళ్లు కొంకర్లు పోయాయి. ఒకసారి గుచ్చాడు, నరం దొరకలేదు. రెండోసారీ దొరకలేదు. తన భయం వల్ల ఈమె చచ్చిపోతుందేమోనన్న ఆలోచన వచ్చింది. బీరన్న బండి పక్కకు ఆపి వెనక తలుపు తీశాడు.

"తమ్మీ, చేతులెందుకు గట్ల వణుకుతున్నయ్?"

"పొద్దుగాల తినలేదన్నా."

బీరన్న నమ్మలేదు. అయినా లోపలికెక్కి ఆమె చెయ్యి కదలకుండా పట్టుకున్నాడు. మూడోసారి నరం దొరికింది. ఆమె బతికింది. దవాఖాన గోడకు ఆనుకుని ఎల్లేష్ చాలాసేపు కూర్చున్నాడు. సూది గుచ్చుకుని ఇరవై ఎనిమిది గంటలు గడిచిపోయాయి.

గురువారం పొద్దున ఏడింటికి ప్రణీత వాకిట్లో మంచం మీదున్న అతని ముందుకు వచ్చి నిలబడింది.

"ఉద్యోగం తీసేసిండ్రా?"

"లేదు."

"మరి పిల్లనెందుకు ముట్టనిస్తలేవు? నీ గిలాస నువ్వే కడుగుతున్నవు. రెండు దినాల సంది బయట పంటున్నవు. నాకేం కనవడ్తలేదనుకున్నవా?"

చెప్పాడు. తల ఎత్తకుండా, ఏదో రిపోర్టు రాయిస్తున్నట్టు చెప్పాడు.

"మందు లేదా దీనికి?"

"ఉన్నది. మూడు దినాల్లోపల మొదలువెట్టాలె."

"నీకు ఎర్కనేనా?"

"ఎర్కే."

"ఎర్కయ్యి ఊకున్నవా? రెండు దినాలు ఊకున్నవా?"

"ఫారంల నా పేరు వడితే రెన్యువల్ గాదు. అమ్మ, నువ్వు, పిల్ల..."

"మా పేరు చెప్పకు," అంది ప్రణీత. "మాకోసం ఊకున్న అని ఇంకోసారి అనకు. లెవ్వు."

లోపలినుంచి నిర్మలమ్మ "ఏమైంది బిడ్డా, పొద్దుగాల పొద్దుగాల గా లొల్లేంది" అని అడిగింది. నల్గొండ దాకా పని ఉందని చెప్పి, పక్కింటి భాగ్యలక్ష్మిని పిలిచి అత్తనూ పిల్లనూ అప్పజెప్పి ప్రణీత చెప్పులు తొడుక్కుంది. ఎల్లేష్ బీరన్నకు ఫోన్ చేసి ఈ రోజు రాలేనన్నాడు. బీరన్న కారణం అడగలేదు. "పోయి చూయించుకో తమ్మీ" అన్నాడు.

ఇద్దరూ నల్గొండ బస్సెక్కారు. చండూరు దాటాక పత్తి లోడు ట్రాక్టర్ ఒకటి రోడ్డుకు అడ్డంగా ఒరిగిపోయి బస్సు ఆగిపోయింది. పది నిమిషాలు. ఇరవై నిమిషాలు. జనం దిగి టీ తాగుతున్నారు. ఎల్లేష్ ముందు సీటు కడ్డీని పట్టుకుని కూర్చున్నాడు. ఇంకా చాలా గంటలున్నాయని లెక్క చెబుతోంది, అయినా మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకుంటున్నాడు. ఈసరికే వైరస్ నెత్తురులో కలిసిపోయిందేమో. అమ్మను ప్రణీత లేపి కూర్చోబెడుతుంది, తన తర్వాత తినిపించడానికి తెచ్చిపెట్టేదెవరు. ప్రణీత మధ్యలో ఒకసారి అతని ఎడమ చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది. అతను వెనక్కి తీసుకోబోతే వదల్లేదు.

పెద్ద దవాఖానలో మందులిచ్చే గది ముందు బెంచీ మీద శ్యామలమ్మ కూర్చుని ఉంది. భర్తను కాలు ఆపరేషన్ కోసం ఇక్కడికే పంపించారు. ఎల్లేష్‌ను చూసి గబుక్కున లేచింది.

"వచ్చిండ్రా సార్! నిన్నటి సంది మీరు కనవడ్తరేమో అని చూస్తున్న. అంబులెన్స్ నంబర్‌కు ఫోన్ గూడ చేసిన. పేరు చెప్పుమంటే భయమై పెట్టేసిన."

"ఇయ్యాల్నే వచ్చినమ్మా."

"ఇంత ఆలస్యమా?" అని ఆమె ప్రణీత ముఖం చూసి ఆగిపోయింది.

లోపల డాక్టరమ్మ ఎప్పుడు గుచ్చుకుంది, ఎంత లోతుగా గుచ్చుకుంది అని అడిగి రాసుకుంది. సూది ఎవరికి వాడిందో తెలుసా అని అడిగినప్పుడు ఎల్లేష్ పేరు చెప్పకుండా తలుపు వైపు చూశాడు. తలుపు దగ్గరున్న శ్యామలమ్మ తనే లోపలికి వచ్చింది. సంచిలోంచి భర్త మందుల పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"మా ఆయనకే మేడం. ఆయన్ను అడిగే తెచ్చిన. చూడుండ్రి."

డాక్టరమ్మ పేజీలు తిప్పింది. రామచంద్రం ఒక్క నెల కూడా మందు తప్పలేదు. నాలుగేళ్లుగా అతని నెత్తురులో వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా ఉంది.

"మీకు ప్రమాదం చాలా తక్కువ. అయినా మందు ఇరవై ఎనిమిది రోజులు వాడాల్సిందే. పరీక్ష ఇప్పుడొకటి, ఆరు వారాలకొకటి, మూడు నెలలకొకటి. అప్పటిదాకా మీరిద్దరూ జాగ్రత్తగా ఉండాలి," అంది.

మొదటి మాత్ర అక్కడే వేసుకున్నాడు. పదకొండు కావస్తోంది. నలభై ఎనిమిది గంటలు దాటాయి. చాలా తక్కువ అన్నదే కానీ లేదు అనలేదని, నీళ్లు తాగుతూ ఎల్లేష్ అనుకున్నాడు.

బయటికి వచ్చాక శ్యామలమ్మ ప్రణీత దగ్గరికి జరిగింది.

"ఊర్లె ఎవ్వలికి ఎర్కలేదమ్మా. తెలిస్తే ఆయన కుట్టిన బట్ట ఎవ్వలు తొడుక్కోరు."

బస్సులో వచ్చేటప్పుడు ప్రణీత మనసులో ఆ మొగుడూ పెళ్లాలిద్దరినీ ఎన్నో తిట్లు తిట్టుకుంది. ఇప్పుడు శ్యామలమ్మ చెయ్యి పట్టుకుంది.

"మా నోట్లెకెళ్లి రాదక్కా. పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవా?"

ఆమె తినలేదు. ముగ్గురూ కలిసి గేటు ముందున్న హోటల్‌కు వెళ్లి ఇడ్లీ తిన్నారు. రామచంద్రానికి ఒక పొట్లం కట్టించారు.

అక్కడినుంచే ఎల్లేష్ సూపర్‌వైజర్ మల్లేష్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"సరే, కాగితం పంపు" అని మల్లేష్ ఫోన్ పెట్టేశాడు. ఆ రెండు మాటల్ని ఎల్లేష్ ఆ నెలంతా తిరగేసి మరగేసి చూసుకున్నాడు.

మాత్ర వేసుకున్న ప్రతి రోజూ కడుపులో తిప్పేది. బండిలో రోగి పక్కన కూర్చుని వాంతి ఆపుకునేవాడు. సెలవు అడగడానికి ధైర్యం చాలలేదు. కొంచెం జ్వరం అనిపిస్తే అది వచ్చేసిందనుకునేవాడు. జ్వరం తగ్గిపోయేది, మళ్లీ రెండు రోజులకు గొంతు నొప్పి పుట్టేది. ప్రణీత మాత్రం నల్గొండనుంచి వచ్చిన రోజే మనస్వినిని ఎత్తి అతని ఒళ్లో కూర్చోబెట్టింది. "నువ్వు ఊరందరికి చెప్పిన మాటేనాయె, నువ్వు గూడ విను" అంది.

నెలాఖరున వచ్చిన లిస్టులో అతని పేరు లేదు. తొమ్మిది రోజులు పేరు లేకుండానే డ్యూటీకి పోయాడు, ఎవరూ రావద్దనలేదు. పదో రోజు రెండో లిస్టు వచ్చింది. పేరుంది. ఎదురుగా మోత్కూర్ అని ఉంది. ఇల్లున్న మర్రిగూడనుంచి మోత్కూర్‌కు రెండు బస్సులు మారాలి. ఫారం నింపినందుకా, మామూలు బదిలీయేనా అని అడిగితే మల్లేష్ "పేరొచ్చింది, గది చూస్కో" అన్నాడు. ఎల్లేష్ మోత్కూర్‌లో ఇంకొకరితో కలిసి గది కిరాయికి తీసుకున్నాడు. వారానికొకసారి ఇంటికి వస్తున్నాడు.

ఆరు వారాల పరీక్షలో ఏమీ లేదన్నారు. మూడో నెల పరీక్షకు మోత్కూర్‌నుంచి ఒక్కడే వచ్చాడు. డాక్టరమ్మ కాగితం చూసి, "ఏమీ లేదు ఎల్లేష్. ఇక రానక్కర్లేదు," అంది. అతను ఇంకోసారి చెప్పించుకున్నాడు. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏం లేదన్నరు."

ప్రణీత ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. తర్వాత మామూలు గొంతుతో అంది:

"నేను బడికి పోతున్న. పెద్దసార్‌తోని మాట్లాడిన. సోమారం నుంచి రమ్మన్నడు."

"అమ్మనెవరు చూస్తరు?"

"భాగ్యలక్ష్మక్క చూస్తనన్నది. ఆమెకెంతో గంత ఇద్దాం. నీకు చెప్పకుంట అడిగిన, ఏమనుకోకు."

"నా జీతం సరిపోతలేదా?" అన్నాడు ఎల్లేష్. అతనికి తెలియకుండానే గొంతు గరుకైంది.

"జీతం మాట గాదు. మూడు నెలల సంది నేను కన్ను మూస్తే ఒట్టు. ఒక్కని మీద నలుగురం వడి బతుకుడు నాకు భయమైతాంది."

ఎల్లేష్‌కు కోపం రాలేదు. ఆ భయం తన ఒక్కడిదే అనుకున్నాడు ఇన్నాళ్లూ. తను వాకిట్లో మంచం మీద మేలుకుని ఉన్నప్పుడు లోపల ఆమె కూడా మేలుకునే ఉంది.

"పో," అన్నాడు. "సోమారం నేను గూడ ఇంటికొస్త. అమ్మను లేపి కూసోవెట్టుడు నాకు జర నేర్పు."

"నీకొస్తదా?" అంది ప్రణీత. మూడు నెలల తర్వాత మొదటిసారి ఆమె గొంతులో నవ్వు వినబడింది.