పెద్దాయన గది ఊడ్చినందుకు

పెద్దాయన తత్వవేత్త. పదకొండు పుస్తకాలు రాశాడు. చెప్పులు ఎక్కడ విడిచాడో మాత్రం ఆయనకు ఏనాడూ తెలియలేదు. వెతికి పెట్టేది నా భార్య. ఇరవై రెండేళ్లు ఆ ఇల్లు ఊడ్చి తుడిచింది. ఆమె ఊడుస్తుంటే ఆయన కాళ్లు రెండూ కుర్చీ మీదికి లాక్కుని రాసుకునేవాడు. ఆ ఇంట్లో ఆమెకు అందిన సాయం అంతే.

ఆయన పోయాడు. మరుసటి ఏడు ఆమె పోయింది. ఆయన ఇంటిని మ్యూజియం చేశారు. సొంత ఇంట్లో ఏనాడూ చీపురు పట్టని నన్ను అక్కడ ఊడ్చే పనిలో పెట్టారు.

తెరవడానికి వారం ముందు మేనేజరు పట్నం నుంచి దిగాడు. పెద్దాయన రాసుకునే గది చూసి పెదవి విరిచాడు.

"ఇదేంటి తాతా, ఆసుపత్రిలా ఉంది? ఆలోచించే మనిషి గది ఇలా ఉంటుందా?"

పుస్తకాలు నేల మీద పడేశాడు. కాగితాలు ఉండలు చుట్టి విసిరాడు. బల్ల మీద టీ ఒలకబోశాడు. పెద్దాయనకు పొగ పడదు, దగ్గి చచ్చేవాడు. అయినా మేనేజరు మూడు రోజులు కూర్చుని సిగరెట్లు కాల్చి, పీకలతో గిన్నె నింపాడు. అతను ఒళ్లు వంచి చేసిన పని అదొక్కటే. గుమ్మం మీద బోర్డు పెట్టించాడు. పై లైను: "మహనీయుని గది". కింది లైను: "ఆయన జీవించిన నాడు ఉన్నది ఉన్నట్టుగా".

మొదటి బస్సులో వచ్చిన ఒకావిడ ముక్కు మూసుకుంది.

"పాపం, పనిమనిషి ఉండేది కాదేమో."

"ఉండే ఉంటుంది వదినా," అంది పక్కావిడ. "వట్టి బద్ధకస్తురాలై ఉంటుంది."

నా భార్యను నేను మెచ్చుకున్న రోజు లేదు. అది నా సంగతి. ముఖం ఎరగనివాళ్లు తిడితే ఊరుకోను.

చీపురు తెచ్చాను. గంటలో గది అద్దంలా అయింది. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"ఎంత పని చేశావు తాతా! చరిత్రంతా ఊడ్చేశావు!"

"చరిత్రేంటి? నీ సిగరెట్ పీకలు."

"నీ పని వరండా ఊడవడం. గది జోలికి రావద్దన్నానా లేదా?"

"అయితే ఆ బోర్డు మార్చు. ఆయన ఉన్నప్పుడు ఇక్కడ నా పెళ్లాం ఉంది."

"జనం వచ్చేది ఆయన్ని చూడ్డానికి. నీ పెళ్లాం పనితనం ఎవడికి కావాలి?"

మర్నాటికి మళ్లీ చెత్త పోయించాడు. ఈసారి నేను చీపురు ముట్టలేదు. గుమ్మం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని వచ్చినవాళ్లందరికీ చూపించాను.

"ఆ పీకలు మేనేజరువి. ఆ టీ మరక మేనేజరుది. ఆ ఉండలు విప్పి చూడండి, మొన్నటి పేపరు. పెద్దాయన ఉన్నప్పుడు నా పెళ్లాం ఊడ్చేది. చీమైనా కాళ్లు తుడుచుకుని వచ్చేది ఇక్కడికి."

కాలేజీ పిల్లలు పడీపడీ నవ్వారు. ఒక ప్రొఫెసరు ఆ టీ మరక మీద అప్పటికే రెండు పేజీలు రాసుకున్నాడు. చించి జేబులో కుక్కుకున్నాడు.

మూడో రోజు మేనేజరు నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పనిలోంచి తీసేస్తా."

"తీసెయ్యి. గేటు బయట నిలబడి చెబుతా. అక్కడ నీ జీతం అక్కర్లేదు."

ఆ సాయంత్రం తనే నిచ్చెన ఎక్కి, బోర్డు మీద కింది లైనుకు రంగు పూశాడు.

"చాలా?" అన్నాడు పైనుంచి.

నేను నిచ్చెన పట్టుకోలేదు.

ఇప్పుడు వరండా వరకే ఊడుస్తాను. లోపల దుమ్ము దానంతటదే పేరుకుంటోంది. పేరుకోనీ. అది మేనేజరు గది.