మరిడమ్మ తూము

తొంభై అయిదులో నా మేనల్లుడు గంగబాబు సఖినేటిపల్లికి దిగువన, ఉప్పు కాలవ పక్కన టైగర్ రొయ్యల చెరువు తవ్వించాడు. వాడి రొయ్య మీసం పట్టుకుని కాలవ దాటొచ్చని ఊరంతా చాటింది నేనే. అప్పట్లో కోతలు కొయ్యడానికి నాకు అలుపుండేది కాదు.

ఓ పొద్దున్న రొయ్యలు గట్టువారకి వచ్చి నీరసంగా తేలాయి. తీసి చూస్తే తల డిప్ప మీద సుద్ద చుక్కల్లా తెల్ల మచ్చలు.

"మావయ్యా, నోరెత్తకు. తెల్లమచ్చ తెగులని తెలిస్తే ఎవడూ కొనడు. సముద్రం పాటుకి తీసినప్పుడు నీళ్ళొదిలేసి రొయ్య పట్టేద్దాం, ఆ నీళ్ళు సముద్రంలోకి పోతాయి," అన్నాడు గంగబాబు.

"పాటుకి పోయినవి పోటుకి తిరిగి రావేంట్రా?"

"వచ్చేసరికి మన సరుకు లారీ ఎక్కేత్తది."

తూము చెక్క ఎత్తింది నేనే.

కింది చెరువు మరిడమ్మది. మొగుడు పోయాక ఆవిడ సంసారం దాని మీదే నడుస్తోంది. పోటు రాగానే తూము ఎత్తి కొత్త నీళ్ళు పెట్టుకుంటుంది. ఆ కాలవ మీద అందరం చేసేది అదే. వదిలేదీ అందులోకే, తోడుకునేదీ అందులోంచే. చెప్పేద్దామనే వెళ్ళాను. తీరా ఆవిడ ఎదట నిలబడేసరికి మేనల్లుడు గుర్తొచ్చాడు.

"అమ్మాయ్, వారం రోజులు తూము ఎత్తకు. కాలవలో మొసలి దిగింది. నరసాపురం రేవులో పంటు పడవ తాడు కొరికేసిందంట!"

"ఆయ్! మొన్న రొయ్య మీసం, ఇయ్యాల మొసలాండీ బాబాయిగారూ?" అని పగలబడి నవ్వింది. నవ్వుతూనే చెక్క ఎత్తింది. నేను చూస్తూ నిలబడ్డాను.

అయిదో రోజుకి ఆవిడ రొయ్యలూ తెల్ల మచ్చలతో చచ్చి తేలాయి. నెల తిరిగేసరికి కాలవ పొడుగునా అదే. గంగబాబు మళ్ళీ వేసిన రొయ్య పిల్ల కూడా దక్కలేదు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. ఓ ఉదయం మరిడమ్మ మా కంచె అవతలే ఆగిపోయింది.

"బాబాయిగారూ, మా కోళ్ళకి కొక్కెర తెగులు తగిలిందండీ. మీవి బయటికి వదలకండి. నేను లోపలికి రాను, కాళ్ళకి అంటుకొత్తదంట."

"గుట్టుగా అమ్మేసుకోకపోయావా?" అన్నాను, పాత అలవాటు చొప్పున.

"అందరి కోళ్ళూ తిరిగేది ఈ వీధే కదండీ."

వెళ్ళబోతుంటే ఆగమన్నాను. ఆనాటి నీళ్ళ సంగతి, చెక్క ఎత్తిన సంగతి, ఒక్క మీసం కూడా అతికించకుండా చెప్పాను.

"ఆ రోజే ఇలా చెప్పుంటే తూము మూసేద్దును కదండీ," అంది మరిడమ్మ. పక్కింటి కంచె దగ్గరికి వెళ్ళి వాళ్ళని కేకేసింది.

నేను కోళ్ళని గంప కింద మూశాను.