బఠాణీ గింజంత గడ్డ

ఆవిడకు ముక్కు మీదే కోపం. టవర్ క్రేన్ నడిపే మనిషి. సైటులో అందరూ టపాకాయ అనేవారు. ముప్పై నిండకుండానే బీపీ రెండు వందలు దాటింది. కంపెనీ ఆవిడను క్రేన్ మీంచి దింపి స్టోర్‌రూములో కూర్చోబెట్టింది. కారణం ఎవరూ వెతకలేదు, ఆ నోరేనని తేల్చేశారు. రకరకాల మాత్రలు మింగినా బీపీ దిగలేదు. కిటికీలోంచి తన క్రేన్‌ను వేరెవరో తిప్పుతుంటే చూసి కుమిలిపోయేది.

అంతకంటే ఎక్కువగా ఆవిడను చంపింది మొగుడి మంచితనం. అతను అదే క్రేన్ కింద నిలబడి వాకీటాకీలో ఎడమ, కుడి చెప్పేవాడు. పెళ్లికి ముందు నుంచీ వాళ్లిద్దరి మధ్య పోట్లాట లేకుండా ఒక్క బరువూ కిందికి దిగలేదు. ఇప్పుడేమో బీపీ పెరుగుతుందని ఏమన్నా "సరే" అంటాడు. ఈ ఉప్పులేని కూర నీ మొహాన కొడతానన్నా సరే. గోడతో కాపురం చేస్తున్నట్టుంది ఆవిడకు. ఒక్కసారి తిట్టవయ్యా అని బతిమాలితే, మాత్రా మంచినీళ్లూ తెచ్చి ఇచ్చాడు.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మాత్రం కోపం సంగతి అడగనేలేదు. రక్తంలో పొటాషియం ఎందుకింత పడిపోయిందని అడిగింది. మళ్లీ రక్తం తీయించి, స్కాన్ చేయించింది. అది చూపించేటప్పుడు డాక్టరమ్మే ఉత్సాహం పట్టలేక కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. కిడ్నీలో బఠాణీ గింజంత గడ్డ. బీపీ పడిపోతే పైకి లేపడానికి కిడ్నీ ఒక హార్మోను వదులుతుందట; ఈ గడ్డ వేళాపాళా లేకుండా దాన్నే కుమ్మరిస్తోందట. క్యాన్సర్‌లా కనిపించడం లేదు, తీసేస్తే నయం కావచ్చు అంది. చాలా అరుదైనదట, పుస్తకంలో చదవడమే తప్ప తనూ చూడటం ఇదే మొదలట.

"అయితే నా నోటి తప్పు కాదా?"

"నీ నోటికీ దీనికీ సంబంధమే లేదమ్మా."

ఆవిడ సంతోషం పట్టలేక భోరుమంది. విన్నావా అని మొగుడి వైపు తిరిగితే, అతను అలవాటు కొద్దీ సరే అన్నాడు.

గడ్డ తీశారు. మాత్రలు ఒక్కొక్కటే ఆపేసినా బీపీ బుద్ధిగా ఉంది. కంపెనీ డాక్టరు ఒకటికి రెండుసార్లు చూసి, క్రేన్ ఎక్కమన్నాడు. ఆ ఉదయం నిచ్చెన ఎక్కుతుంటే ఆవిడ గుండె దడదడలాడింది. అది అచ్చంగా ఆనందమే. కేబిన్‌లో కూర్చుని, ఇనుప కడ్డీల కట్టను ఎత్తింది. వాకీటాకీ గరగరలాడింది.

"ఎడమకి అన్నాను. ఎడమంటే ఏదో మర్చిపోయావా? ఇన్నాళ్లూ నోరు కట్టుకుని చచ్చాను. ఇవాళ ఊరుకునేది లేదు, చెబుతున్నా."

ఆవిడ కట్టను గాల్లోనే ఆపి, కళ్లు తుడుచుకుని, బటన్ నొక్కింది.

"నీ ఎడమా, నా ఎడమా? సరిగ్గా చెప్పి ఏడు."