దీపాల దిబ్బ మీద పడుగు

సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుందని నేను బెజవాడ కాలేజీలో చదువుకున్నాను. మా మావయ్యగారు మార్కండేయులుగారికి మాత్రం సముద్రమే స్వయంగా వచ్చి చెప్పింది.

యుద్ధం రోజులు. నూలు మీద కంట్రోలు. దొరికిన నూలంతా పోగేసి ఆయన ఒకే ఒక్క పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగుల బారు, తయారుచేశారు. అది పాడైతే మళ్లీ నూలు వచ్చేదాకా మగ్గం సాలీళ్లకు అప్పగించాల్సిందే. పడుగుకు గంజి రాయాలంటే వీధి పొడుగునా చాచి కట్టాలి. ఆ వీధిలో ఎదురింటి బసవపున్నయ్యగారు తన పడుగు ముందే కట్టేసుకున్నారు. ఆయనకూ మావయ్యగారికీ మాటల్లేవు. వీధి అడగడం కన్నా సముద్రంలో దూకడం నయమని మావయ్యగారి ఉద్దేశం. దాదాపు ఆ పనే చేశారు.

"దీపాల దిబ్బకి ఇసక దారి లేదూ? వీధి కన్నా చదును. గేదెలు కూడా అడ్డం రావు," అన్నారు.

దీపాల దిబ్బ మా ఊరి ఒడ్డుకు ఎదురుగా ఉన్న చిన్న దీవి. నీళ్లు తీస్తే ఇసక దారి తేలి ఊళ్లో కలుస్తుంది, నీళ్లొస్తే విడిపోతుంది. అలిగి పుట్టింటికి పోయి వచ్చే కోడలి లాంటిది.

"నీళ్లొస్తాయేమో మావయ్యగారూ."

"పుట్టి బుద్ధెరిగిన్నాటి నుంచీ చూస్తున్నానమ్మాయ్. మధ్యాహ్నం భోంచేసి వెళ్తే ఎప్పుడూ పొడే."

నేను గంజి కాచడానికి లేచాను. ఆ దిబ్బ చూడాలని పెళ్లయిన్నాటి నుంచీ నాకు ఉబలాటం.

పుష్యమాసపు మెత్తటి ఎండలో, దిబ్బ మీది పాత ఇటుక దిమ్మకు ఒక కొస, ఒడ్డున గుంజకు రెండో కొస కట్టి, మధ్యలో వెదురు కాళ్ల మీద పడుగును నిలబెట్టారు. దిబ్బ వైపు నుంచి సగం దాకా గంజి రాశారు. బిగువు చాలలేదని మావయ్యగారు ఒడ్డు కొసకు వెళ్లారు. గంజి కుండా, కుంచే, అత్తయ్యగారూ, నేనూ దిబ్బ మీద మిగిలాం.

అబ్బ, ఎంత వింత చోటది! మడచెట్ల వేళ్ల మీదకు చేపలు ఎగబాకుతున్నాయి. ఒక్క కొండి మాత్రమే పెద్దదిగా ఉన్న పీతలు, గంజి చుక్క పడ్డ చోటికల్లా పంక్తి భోజనానికి వచ్చినట్టు వచ్చాయి.

"ఇదంతా ఒకప్పుడు నేలేనమ్మాయ్," అన్నారు మా అత్తగారు రాఘవమ్మగారు. "ఏదో ఉప్పెన కోసేసిందట. ఈ దిమ్మ మీద ఓడలకి దీపం పెట్టేవాళ్లట. మా అమ్మమ్మ వాళ్లు ఇక్కడికొచ్చి చిరివేరు తవ్వుకెళ్లేవాళ్లు. బట్టలకి ఎర్రరంగు దాంతోనే."

ఆవిడ వంగి ఒక మొక్క పీకారు. సన్నటి వేరు. గిల్లి లోపలి రంగు చూపించారు. "ఇదే! ఇంకా ఉంది చూడు!" ఆవిడ అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

తల ఎత్తేసరికి ఇసక దారి సన్నబడింది. రెండు వైపుల నుంచీ నీళ్లు, చప్పుడు లేకుండా.

"ఏమేవ్!" ఒడ్డు నుంచి మావయ్యగారి కేక. "ఆ కొస విప్పండి! నేనిటు లాక్కుంటా!"

"లాగితే గంజంతా ఉప్పునీళ్ల పాలవుతుంది! మీ కొసే వదలండి!" అత్తయ్యగారి ఎదురుకేక.

"నేను వదలడమేంటే?"

"వదలకపోతే అలాగే పట్టుకుని మునగండి!"

ఆయన తన కొస విప్పి, తలకెత్తుకుని, నీళ్లలో మొలలోతు దాకా వచ్చారు. మేమిద్దరం మా వైపు నుంచి పడుగును భుజాల మీద వేసుకుంటూ ఎదురు వెళ్లాం. నీళ్ల లాగుడికి వెదురు కాళ్లు కొట్టుకుపోతున్నాయి. ఆయనకు ఈత రాదు. పడుగు కొసను ఇంకొకరి చేతికి ఇవ్వడమూ రాదు. అత్తయ్యగారు చెయ్యి చాచారు. ఆయన కొస వదిలి, నీళ్లు నడుం దాటకముందే పడుతూ లేస్తూ వెనక్కి ఒడ్డుకు పోయారు.

తడిగంజితో చుట్టి పెడితే పోగులు అతుక్కుపోతాయి. దిమ్మ నుంచి ఒక మడచెట్టుకు, అక్కడి నుంచి మలుపు తిప్పి ఇంకో చెట్టుకు చాచి కట్టాం. అత్తయ్యగారు కుంచె అందుకున్నారు. మా ఇంట్లో ఆడవాళ్లు నూలు కండెలు చుట్టొచ్చు, గంజి కాచొచ్చు. కుంచె మాత్రం మగవాళ్లది.

"ఒత్తి రాయకే! పోగులు తెగుతాయి!" ఒడ్డు నుంచి కేక.

"వినబళ్లేదండీ! హోరు!" అన్నారావిడ. సముద్రం పాపం నోరు మెదపలేదు.

నాకొక అనుమానం వచ్చింది. "మావయ్యగారూ! ఈ దారి పొడిగా ఉండటం మీరు ఏ రోజుల్లో చూశారు?"

"ఇంకెప్పుడు, మగ్గానికి సెలవున్నప్పుడే! అమావాస్యకి!"

అదీ సంగతి. ప్రతి అమావాస్యకూ సముద్రం దాదాపు అదే వేళకు వెనక్కి పోతుంది. మిగతా రోజుల్లో ఆ వేళ రోజుకింత చొప్పున జరిగిపోతుంటుంది. ఆయన జీవితమంతా అమావాస్యలకే వచ్చి చూశారు. ఇవాళ దశమి.

దీపాల వేళకు నీళ్లు తీశాయి. మావయ్యగారు లాంతరు పట్టుకుని వచ్చారు. పడుగు వెంబడి వేళ్లు రాస్తూ మడచెట్టు దాకా, మలుపు తిరిగి చివరి దాకా వెళ్లారు. ఒక్క పోగూ అతుక్కోలేదు, ఒక్కటీ తెగలేదు.

"ఎవరు పట్టారు కుంచె?"

"ఇంకెవరున్నారిక్కడ? పీతలు!" అన్నారు అత్తయ్యగారు.

ఆయన లాంతరు పైకెత్తి చివరి కొస చూశారు. కుండలోంచి కుంచె తీసి, ఆవిడకే అందించారు.

"ఈ చివర బారెడు మిగిలింది. కానియ్. లాంతరు నేను పడతాను."