ఇంటికొక చెయ్యి

అతుల్ మెడలో తులసి మాల పడ్డాక ఇంట్లో గిన్నెలు రెండు పక్షాలయ్యాయి. పొయ్యికి కుడివైపువి అతనివి, ఎడమవైపువి భార్య సపనవీ కూతురు మనాలివీ. గీత ఎవరూ గియ్యలేదు. అయినా గరిటె కూడా అటునుంచి ఇటు దాటేది కాదు.

మాల వేసింది వెంకటయ్య బువా. కామాటిపురలో వాళ్లుండే చాల్‌లో, ఆ గదుల వరస కింద భజన మండలి నడిపే పెద్దమనిషి. తాగి మురిక్కాలవ పక్కన పడివున్న అతుల్‌ని భుజాన వేసుకొని ఇల్లు చేర్చింది ఆయనే. తెల్లారి మాల తెచ్చి, "ఇది మెడల ఉన్నన్ని దినాలు మందు లేదు, మాంసం లేదు, గుడ్డు లేదు. నీతోని అయితదా?" అని అడిగిందీ ఆయనే. అయితదన్నాడు. నాగ్‌పాడాలో మోటార్లకు వైరు చుట్టే పని ముగిశాక, ఇదివరకు కాళ్లు బారు వైపు లాగే వేళకు, ఇప్పుడు చేతుల్లో భజన తాళాలుండేవి. అవి మోగుతున్నంతసేపూ తల లోపల సద్దుమణిగేది. అది భక్తి అని అతను అనుకోలేదు. కాదని ఎవరికీ చెప్పనూ లేదు.

బుధవారం బడిలో ఖిచిడీతో పాటు గుడ్డు పెడతారు. ఆరోజు మనాలి ఇంటికి రాగానే సబ్బుతో చేతులు రుద్దుకొని, నోరు పుక్కిలించి, అప్పుడు గానీ తండ్రి దగ్గరకు వచ్చేది కాదు. అలా చెయ్యమని అతను చెప్పలేదు. తల్లి నేర్పిందో, పిల్లకే తోచిందో. ఇంట్లో తనొక గుడిలాంటి వాడయ్యాడు. శుభ్రంగా వస్తారు, కాసేపుండి వెళ్లిపోతారు.

భజన అయ్యాక ఒక సాయంత్రం వెంకటయ్య తాళాలు సంచిలో పెడుతూ అన్నాడు.

"రేపు బడిల మీటింగ్ ఉంది. ఇంటికొక చెయ్యి అంట. సగం చేతులు లేస్తే గుడ్డు బంద్, పిల్లలందరికీ అరటిపండు. మన మండలోళ్లు ఒక్కడు తప్పొద్దు. అతుల్, నువ్వు ముందట కూసో."

అతుల్ తల ఊపాడు. మెట్లెక్కుతుంటే లోపల ఏదో సంతోషం. ఊరికే వచ్చిన సంతోషాన్ని నమ్మే అలవాటు పోయి చాలాకాలమైంది. అందుకే మలుపు దగ్గర ఆగి దాన్ని తరచి చూసుకున్నాడు. అందులో దేవుడు లేడు. గుడ్డు ఆగితే బుధవారాలు కూతురు నేరుగా తన దగ్గరకు వస్తుంది. ఒక్క పూటైనా ఇంట్లో తనలాంటి మనిషి ఇంకొకరుంటారు. దానికోసం పిల్ల పళ్లెంలోది తీయించడానికి తను సిద్ధంగా ఉన్నాడు. మందు కోసం ఒకప్పుడు సపన చెవి పోగులు తీసిన చెయ్యి ఇదే. ఆ దాహం పుట్టిన చోటే ఇదీ పుట్టింది.

రాత్రి భోజనాల దగ్గర అడిగాడు. "బడిల గుడ్డు మంచిగుంటదా, బేటా?"

మనాలి తల్లి వైపు చూసింది. "నేను తినను పప్పా. పక్క పిల్లకు ఇచ్చేస్త."

రొట్టె కాలుస్తున్న సపన చెయ్యి పెనం మీద ఒక్క క్షణం ఆగింది. పిల్ల అబద్ధమాడింది. భయంతో కాదు, అతనికి నొప్పి కలుగుతుందని. ఇంతకన్నా తిట్టినా బాగుండేది.

మర్నాడు బడి హాలంతా నిండింది. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. నీత టీచర్ విషయం చెప్పీ చెప్పకముందే ఆడవాళ్లలోంచి కిష్టమ్మ లేచింది. కూలి పనికి పోయే మనిషి, పైటకు సిమెంటు అంటివుంది.

"మా పిల్లలు గుడ్డు తింటే మీ దేవునికి అజీర్తి అయితదా, బువా?"

హాలు నవ్వింది. వెంకటయ్య కూడా కొంచెం నవ్వాడు. "తినొద్దంటలేనమ్మా. నీ ఇంట్ల తినిపించుకో. బడిల అన్ని తీర్ల పిల్లలుంటరు."

"ఇంట్ల ఉంటే బడికాడ ఎందుకు అడుగుత?"



"గుడ్డు వద్దనేవాళ్లు చేతులెత్తండి," అంది టీచర్. "గుర్తుంది కదా, ఇంటికొకటే."

అతుల్ చుట్టూ చేతులు లేచాయి. సపన ఆడవాళ్ల వరసలోంచి అతన్ని చూస్తోంది. ఆమెకు చెయ్యి లేదు. ఇంటి చెయ్యి అతని దగ్గరుంది. వెంకటయ్య పక్కకు తిరిగి, గొంతు తగ్గించి, "లేపు రా," అన్నాడు. అందులో అజమాయిషీ లేదు, చనువే ఉంది. అందుకే కష్టమైంది. అతుల్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చున్నాడు.

"నా బిడ్డ తింటది, బువా."

చేతులు సగానికి రాలేదు. గుడ్డు ఉంటుందని టీచర్ చెప్పింది. కిష్టమ్మ ఏదో అంటోంది, ఆడవాళ్లు నవ్వుతున్నారు.

గేటు దగ్గర వెంకటయ్య అతని కోసం ఆగాడు. "ఇయ్యాల భజనకు రాకు. మండలోళ్లు నీ మీద గరమున్నరు. నేను మాట్లాడుత." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "మాల మాత్రం తియ్యకు, బిడ్డా."

సాయంత్రం కింద తాళాలు మొదలయ్యే వేళకు అతుల్ ఇంట్లో ఉన్నాడు. ఆ వేళకు అతను ఇంట్లో ఉండడు. సపన ఎండు చేపల పొట్లం విప్పబోతూ అతన్ని చూసి మళ్లీ కట్టి పైన పెట్టేసింది.

"చేపలు చెయ్యి, నేను బయట కూసుంట," అని గదుల ముందున్న గ్యాలరీలోకి వచ్చాడు. వెనక మనాలి తలుపు మూసింది. "పప్పాకు వాసన పడదు," అంటోంది తల్లితో. కాసేపటికి ఇద్దరూ మరాఠీలో ఏదో గబగబా చెప్పుకొని నవ్వుకున్నారు. ఈ వేళకు తన ఇల్లు ఇలా నవ్వుతుందని అతనికి తెలియదు. కింద భజన సాగుతోంది. తను లేని లోటు అందులో ఎక్కడా వినిపించలేదు. గల్లీ చివర బారు దీపాలు వెలిగాయి. నోరు ఎండిపోయింది. లేచి తన తలుపే తట్టాడు.

"తెరిచే ఉంచుండ్రి."

"వాసనొస్తది పప్పా."

"రానీ."

అతను గడప మీద కూర్చున్నాడు. సపన పొయ్యి మంట తగ్గించింది. మనాలి పళ్లెంలో అన్నం, చేప ముక్క పెట్టుకొని రెండడుగులు ఇటు వేసింది. తండ్రికి ఎంత దగ్గరగా కూర్చోవచ్చో తెలియక గది మధ్యలో నిలబడిపోయింది.