గంటకి పావు, రూపాయికి పావు

అసిరయ్యకి కోపం వస్తే సముద్రం కూడా రెండడుగులు వెనక్కి జరుగుతుందని శ్రీకూర్మం దిగువన ఉన్న ఆ పల్లెలో ఒక వేళాకోళం. రెండువేల పంతొమ్మిది డిసెంబరులో ఆయన కోపమంతా ఒక ఫోను మీద. నిజం చెప్పాలంటే ఫోను మీద కూడా కాదు, దాన్ని మానెయ్యమన్న కోడలు భారతి మీద.

అది శ్రీకాకుళంలో చంద్రమౌళి కొట్లో కొన్న విండోస్ ఫోను. చంద్రమౌళి తాత గుడ్డలమ్మాడు, తండ్రి రేడియోలమ్మాడు, ఈయన ఫోన్లమ్ముతున్నాడు. "పదేళ్ళకి తిరుగులేని సరుకు" అని ఆనాడు అంటగట్టింది ఈయనే. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి, సరుకు మంచిదే. సిగ్నలు అందని నడిసముద్రంలో కూడా అందులో మ్యాపు కనిపించేది. ఏరు సముద్రంలో కలిసే మొగ ఒక్కటే ఆ పల్లె తెప్పలు లోపలికి రావడానికి దారి. దానికి ఎదురుగా ఏ చోట తెప్ప తిప్పాలో ఆ ఫోనులో గురుతు పెట్టి ఉండేది. అక్కడ కాక బాగా దిగువన, దక్షిణం వైపు, తిప్పితే నల్లరాళ్ళు. వాటి మీదకెళ్ళిన తెప్పల్లో అసిరయ్య తమ్ముడిది ఒకటి. తమ్ముడు తిరిగి రాలేదు. అందుకే ముసలాయనకి ఆ ఫోనంటే ప్రాణం.

ఇప్పుడు కొడుకు, కోడలితో వచ్చిన అసిరయ్య ఎదుట అదే చంద్రమౌళి అదే కుర్చీలో కూర్చుని మరో పాట పాడుతున్నాడు.

"ఆ రకం ఫోన్లు కంపెనీ ఆపేసింది అసిరయ్యా. ఈ నెలాఖరుతో అందులో వాట్సాప్ కూడా పోతాది. ఐఫోనుంది గానీ, అది మనకి ఏనుగుని మేపినట్టే. ఆండ్రాయిడ్ తీసుకో, నిశ్చింతగా ఉండు."

"అప్పుడేటన్నావు? పదేళ్ళన్నావు కాదా?"

"అప్పుడలాగే అనిపించింది. నేనేమైనా కంపెనీ కడుపులో దూరి చూసొచ్చానా?"

"మరి ఇది ఉంటాదని ఏటి నమ్మకం? రేపు దీన్నీ ఆపేస్తే మల్లీ వచ్చి నీ గుమ్మంలో కూకోవాలా?"

చంద్రమౌళి గుడ్డ అందుకున్నాడు. అద్దాల తలుపు తుడవడం మొదలుపెట్టాడు. అసిరయ్య కొడుకు బాబీ తండ్రి వైపు ఒకసారి, పెళ్ళాం వైపు ఒకసారి చూసి, అడకత్తెరలో పోకచెక్కలా నలిగాడు. ఇక భారతే నోరు విప్పాలి. ఇంటర్ దాకా చదువుకున్న కోడలు, ఇంట్లో ఫోన్ల సంగతులన్నీ ఆమెవే.

"అందరికీ ఉన్నది ఆగిపోతే అందరికీ ఆగిపోతాది మావా. అప్పుడు ఊరంతా కలిసి ఏదో ఒకటి సూసుకుంటాది. మనకొక్కళ్ళకే ఆగిపోయేదాన్ని పట్టుకుని ఏలాడితే మనల్నెవులు సూస్తారు? తుపాను కబురొచ్చినా, నడిమధ్యలో ఇంజనాగిపోయినా, తెప్పలోళ్ళు వాట్సాప్ గ్రూపులోనే సెప్పుకుంటన్నారు. ఒకటో తారీకు కాడ నుంచి మన ఫోనికి ఆ కబురు రాదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అయితే ఎలాగ?"

మాట సబబుగానే ఉంది. సబబుగా ఉన్న మాటే అసిరయ్యకి ఎక్కువ మండింది.

"పోనీ, రెండూ పట్టుకెల్తాను నాన్నా" అన్నాడు బాబీ.

"రెండు పడవల మీద కాళ్ళెట్టినోడు ఏటవుతాడో నీకు సెప్పాలేటిరా? కొత్తది కొంటే కొత్తదే పట్టుకెల్లు. నాది నా ఇంట్లో ఉంటాది." ఆయన భారతి వైపు తిరిగాడు. "నీ మాట మీద నా కొడుకు సముద్రమ్మీదకెల్తన్నాడు. గుర్తెట్టుకో."

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. అయినా కొత్త సిమ్ముతో సహా ఫోను కొనిపించింది.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుంది. పాతదానిలో మొగ గురుతు నొక్కితే అక్షాంశం పద్దెనిమిది డిగ్రీల పదిహేను నిమిషాలని చూపించింది. కొత్తదానిలో 18.15 అని కొట్టింది. దాని పక్కనున్న రెండో అంకెలో నిమిషాలు సున్నాయే గనక దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించింది. నీలం మధ్యలో ఎర్ర గురుతు పడింది. గురుతు ఉండవలసింది సముద్రంలోనే గనక ఆమెకి ఏ సందేహమూ రాలేదు.

మర్నాడు వేకువన ఫోను ఇవ్వడానికి ఒడ్డుకి వెళ్ళి, తెప్పకి ఎడంగా నిలబడి చెయ్యి చాచింది. ఆ పల్లెలో ఆడవాళ్ళు తెప్ప ఎక్కరు, అంచు కూడా తాకరు. బాబీయే దిగొచ్చి తీసుకున్నాడు. కొద్దిరోజులు ఎండ కాసింది, దారికి ఆనవాళ్ళయిన కొండలు కనిపించాయి, ఎవరికీ ఫోనులో గురుతు చూడవలసిన పని పడలేదు. అసిరయ్య మాత్రం కోడలితో మాట్లాడటం మానేశాడు.

నెల ఆఖరు రోజున తెల్లవారాక మంచు దిగింది.

మామూలు మంచు కాదు. ఒడ్డున నిలబడితే కాళ్ళ దగ్గర విరిగే అల కూడా వినిపించడమే గాని కనిపించలేదు. దగ్గర్లో వేటాడుతున్న తెప్పలు ముందే తిరిగొచ్చేశాయి. బాబీ, అతనితో వెళ్ళిన జోగయ్య మాత్రం రాలేదు. వాళ్ళు వేకువనే లోతుకి వెళ్ళారు. తెప్పకి దారి తెలియడానికి మొగ దగ్గర మగవాళ్ళు డబ్బాలు వాయిస్తున్నారు. ఆ చప్పుడు మంచులోకి పోయి తిరిగి రావడం లేదు.

భారతి చేతిలో పాత ఫోనుంది. మామ అడక్కుండానే ఇచ్చాడు. కొత్త ఫోనుకి చేస్తే కవరేజ్ లేదనే గొంతే మళ్ళీ మళ్ళీ.

"కొత్త ఫోనుంది కదే, గురుతు సూసుకుని వచ్చెత్తాడు" అంది అత్త దానమ్మ, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. ఆ వెంటనే, "టైమెంతయిందే?" అని అడిగింది.

భారతి ఫోను చూసింది. "ఎనిమిదింపావు అత్తా."

అన్నాక ఆమె నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. ఎనిమిదింపావుని తను కాగితం మీద ఎలా రాస్తుంది? ఎనిమిది, చుక్క, పదిహేను. అందరూ అలాగే రాస్తారు. పదిహేను నిమిషాలంటే గంటకి పావు. కాని రూపాయికి పావంటే పదిహేను కాదు, ఇరవై ఐదు పైసలు. పాత ఫోను గంట లెక్కన, డిగ్రీకి అరవై నిమిషాలని చెప్పింది. కొత్తది రూపాయి లెక్కన, డిగ్రీకి నూరు భాగాలని అడిగింది. రెండూ పావే. తను రూపాయిలో పదిహేను పైసలు వేసి పావలా అనుకుంది.

పాత మ్యాపు తెరిచి, తను కొత్త ఫోనులో కొట్టిన అంకె ఎక్కడ పడుతుందో చూసింది. చాలా దిగువన పడింది. అక్కడి నుంచి ఒడ్డు వైపు తిప్పితే ఎదురుగా నల్లరాళ్ళు. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

బాబీకి అక్షరాలు కూడబలుక్కోవడానికి టైము పడుతుంది. అందుకని మాట రికార్డు చేసింది.

"బావా, గురుతు తప్పు. నాను తప్పెట్టాను. ఆ ఎర్ర గురుతు కాడికి ఎల్లకు. ఎల్లుంటే ఒడ్డేపు తిప్పకు, అక్కడ నల్లరాళ్ళున్నాయి. ఎగువకి రా. పాయింటు పదిహేను కాదు బావా, పాయింటు ఇరవై ఐదు. ఇరవై ఐదు."

పంపింది. ఒక టిక్కు పడింది. ఒక్కటే.

ఆ ఒంటి టిక్కు పట్టుకుని మామ దగ్గరికి నడిచింది. చెప్పకుండా ఉండొచ్చు. తెప్ప వచ్చేస్తే ఎవరికీ తెలియనే తెలియదు. రాకపోతే? ఆ ఆలోచనకే ఆమెకి తన మీద అసహ్యం వేసింది. అంతా చెప్పేసింది.

అసిరయ్య అరవలేదు. అరిచినా బాగుండేది. ఆయన పక్కనున్న డబ్బా తీసుకుని, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, దిగువ వైపు తిరిగి వాయించడం మొదలుపెట్టాడు. అంత దూరం వినపడదని ఆయనకి తెలుసు. భారతికీ తెలుసు. ఆమె ఫోను తెర ఆరిపోకుండా వేలితో తాకుతూ నిలబడింది. తనకి తెలిసిన దేవుళ్ళందరూ అయిపోయి, కూర్మనాథుడికి రెండోసారి మొక్కుకుంటోంది. ఈ రాత్రితో ఇందులో వాట్సాప్ ఆగిపోతుందన్న సంగతి గుర్తొచ్చి, ఇప్పుడే ఆగిపోయిందేమోనని మరో భయం పట్టుకుంది.

టిక్కు పక్కన టిక్కు పడింది.

"మావా!" అని ఆమె పెట్టిన కేకకి డబ్బాలన్నీ ఆగిపోయాయి. కాసేపటికి జవాబొచ్చింది. అల చప్పుడు, ఇంజను చప్పుడు, వాటి మధ్య బాబీ గొంతు.

"తిప్పేసాం భారతీ. ఎదర అల ఇరుగుతన్న సప్పుడినిపించి మొగే అనుకున్నాం. నీ మాట ఇని ఎనక్కి లాగేసాం. ఇరవై ఐదు కదా? ఎట్టాను. వస్తన్నాం."

అసిరయ్య ఆ మాట తనకి వినిపించమన్నాడు. మళ్ళీ వినిపించమన్నాడు. తర్వాత నీళ్ళలోనే చతికిలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తమ్ముడు పోయిన రోజు కూడా ఆయన ఏడవడం ఎవరూ చూడలేదని దానమ్మ అంది.

చాలాసేపటికి మంచులోంచి తెప్ప ముక్కు బయటికొచ్చింది. బాబీ దిగీ దిగగానే భారతి అతని చొక్కా పట్టుకుని, తిట్టాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. అసిరయ్య కొడుకుని తడిమి చూసుకుని, కోడలితో ఒక్క మాటా అనకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ మౌనానికి భారతి అన్నం ముట్టలేదు.

మర్నాడు ఎండ కాసింది. పాత ఫోనులో వాట్సాప్ తెరుచుకోలేదు. "రెండు ఫోన్లూ పట్టుకుని రా" అని వాకిట్లోంచి మామ కేకేశాడు. ఒడ్డుకి తీసుకెళ్ళాడు. తెప్ప నీళ్ళలో సిద్ధంగా ఉంది, ఇంజను దగ్గర బాబీ ఉన్నాడు. అసిరయ్య ముందు తను ఎక్కి, వంగి చెయ్యి చాచాడు.

"ఎక్కు."

చేపలు ఆరబెడుతున్న ఆడవాళ్ళు చేతిలో పనులు వదిలేశారు. దానమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మో, ఇదేటి సోద్దెం! ఆడది తెప్పెక్కితే గంగమ్మ ఊరుకుంటాదేటి?"

"గంగమ్మ ఆడది కాదేటే?" అన్నాడు అసిరయ్య.

భారతి ఆ చెయ్యి పట్టుకుని ఎక్కింది. మొగ దాటి, తిప్పవలసిన చోటికి వచ్చాక బాబీ ఇంజను తగ్గించాడు. పాత ఫోను అసిరయ్య చేతిలో ఉంది, కొత్తది ఆమె చేతిలో.

"అంకెలొద్దు, సుక్కలొద్దు. ఇక్కడే నిలబడి గురుతు నొక్కు" అన్నాడాయన.

ఆమె నొక్కింది. రెండు ఫోన్లూ దగ్గరపెట్టి చూసుకున్నారు. రెండిటిలోనూ గురుతు ఒకే చోట ఉంది. ముసలాయన పాత ఫోనుని రొంటిన దోపుకున్నాడు. భారతికి ఇంకా భయంగానే ఉంది.

"మల్లీ ఈ ఫోనూ ఆపేస్తేనో మావా? మల్లీ మార్చాల్సొస్తే?"

"మల్లీ నిన్నే ఎక్కిస్తాను" అన్నాడు అసిరయ్య.