బూడిదరంగు నిక్కరు

ఆదివారం పొద్దున మా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే గుడ్డ కాలుతున్న వాసన వచ్చింది. ముందు చొక్కా వైపే చూశాను. తెల్ల చొక్కా. కాలర్ మీద చిలకరించిన నీళ్ళ తడి కూడా ఇంకా ఆరలేదు. ప్లగ్గు చూశాను, వైరు చూశాను. హాల్లోంచి మా అత్తగారు "ఏదో మాడుతోంది, చూసుకో" అని కేకేశారు. అప్పుడు కనబడింది. నేల మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నానేమో, పక్కన నిలబెట్టిన ఇస్త్రీపెట్టె ఒరిగి నా ఎడమ తొడకి ఆనుకుని ఉంది. పైజామాకి గోధుమరంగు మచ్చ, మచ్చ మధ్యలో చిల్లు, చిల్లులోంచి ఎర్రగా కమిలిన తొడ. ఇస్త్రీపెట్టె తీసి అవతల పెట్టాను. హమ్మయ్య, చొక్కా కాదు అనుకున్నాను. నొప్పి లేదేమిటి అని ఆ తర్వాతే అనిపించింది.

మా ఆయన తల తుడుచుకుంటూ వచ్చి "చొక్కా కాలిందా?" అన్నాడు.

"లేదు. కాలు కాలింది."

"కాలు కాలిందా! భలే కుదిరిందే" అని నవ్వాడు. నవ్వి, ఆ తెల్ల చొక్కానే తీసుకుని వెళ్ళాడు. చెడ్డవాడేం కాదు. సాయంత్రం మందుల షాపు నుంచి ఆయింట్‌మెంట్ తెచ్చాడు. తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టి, పెట్టానని చెప్పడం మర్చిపోయాడు. అత్తగారు మాత్రం "పరధ్యానం. పెళ్ళైన కొత్తలోనే చెప్పా, ఈ పిల్ల ఒళ్ళు తెలియకుండా తిరుగుతుందని" అన్నారు. ఆ మాట ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా అంటున్నారు. నాకు ఇప్పుడు అది గోడ గడియారం చప్పుడులా వినబడుతుంది, అంటే వినబడదు.

బొబ్బ చితికిందని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నేను పనిచేసే కళ్ళద్దాల షాపుకి ఎదురుగానే ఆవిడ క్లినిక్. బొబ్బకి కట్టు కట్టి, నన్ను అటు తిరగమని, ఒక సన్నటి సూదితో తొడంతా తడుముతూ వచ్చింది. "గుచ్చుతున్నాను, తెలుస్తోందా?" అని అడిగింది. "గుచ్చుతున్నారా?" అన్నాను. నడుము కింద నుంచి మోకాలికి కాస్త పైదాకా, బయటివైపు, రెండు అరచేతులంత మేర నాకేమీ తెలియడం లేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా మొద్దుబారి ఉంది?"

"తెలీదండీ."

"తెలీకపోవడమేంటమ్మా, మీ కాలే కదా?"

ఆవిడ నా చొక్కా కొంచెం పైకెత్తి నడుము చుట్టూ వేలితో రాసింది. అక్కడ ఒక నల్లటి గీత ఉంటుంది. బెల్టు ఆనే చోట, ఇంటికొస్తే పైజామా నాడా ఆనే చోట. చర్మం గట్టిపడి, మసిగుడ్డతో గీసినట్టుంటుంది. పుట్టుమచ్చ లాగా అది కూడా నాదే అనుకుంటూ వచ్చాను. "తొడకి పోయే నరం ఈ ఎముక పక్క నుంచి వెళ్తుంది. మీరు దాన్ని పొద్దున్నుంచి రాత్రిదాకా బిగించి కడుతున్నారు. పెద్ద జబ్బేం కాదు. నడుముని వదిలేయండి. మెత్తగా, వదులుగా ఉండేది వేసుకోండి" అంది. మళ్ళీ స్పర్శ వస్తుందా అనడిగితే, వస్తుంది, నెలలు పట్టొచ్చు, కొందరికి పూర్తిగా రాదు అంది. మందేం రాయలేదు. మందు లేకుండా బయటికొచ్చేసరికి ఇంట్లో ఏం చెప్పాలో తోచలేదు. మాత్రలుంటే జబ్బుకి కాస్త మర్యాద ఉంటుంది.

అనుకున్నట్టే అయింది. "అంటే బట్టల జబ్బా?" అన్నాడు మా ఆయన. వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి "మీ వదినకి ప్యాంటు జబ్బు చేసిందే" అని పడీపడీ నవ్వాడు. అత్తగారు "మేమూ కట్టుకున్నాం, బిగించే కట్టుకున్నాం. మాకే నరాలూ పోలేదు" అన్నారు. షాపులో మేనేజర్ని ఒక సైజు పెద్ద యూనిఫాం ఇప్పించమని అడిగాను. నల్ల ప్యాంటు, లోపలికి దోపిన చొక్కా, పైన బెల్టు, మా యూనిఫాం అది. చేరినప్పుడు ఇచ్చిన సైజే ఇప్పటికీ. ఆయన కంప్యూటర్లోంచి తల తిప్పకుండా "ఒళ్ళు మీరు పెంచుకుని బట్టలు మమ్మల్ని పెంచమంటే ఎలా మేడమ్?" అన్నాడు. పక్క కౌంటర్ అమ్మాయి నవ్వింది, నవ్వకపోతే బాగుండదని. నేనూ నవ్వాను, అందుకే.

బయట కొందామని కూడా చూశాను. ఆడవాళ్ళవి అన్నీ పట్టేసేవే, జేబులుండవు, ఉన్నా ఒక చిల్లర నాణెం పట్టదు. మగవాళ్ళ వైపు మెత్తటి నిక్కర్లు గుట్టలుగా ఉన్నాయి, కానీ తుంటి దగ్గర నాకు పట్టవు. అలా చేత్తో ఆ గుడ్డని నిమురుతుంటే మా బీరువా పై అరలో ఉన్న ప్యాంటు గుర్తొచ్చింది. మా ఆయనకి బరువు తగ్గమని ఎవరో చెబితే, పరిగెత్తుతానని కొనుక్కున్న బూడిదరంగు స్వెట్ ప్యాంటు. లోపలివైపు నూగు నూగుగా, పిల్లి కడుపులా ఉంటుంది. రెండుసార్లు తొడిగాడు. ఒకసారి పరిగెత్తడానికి, ఇంకోసారి ఫోటోకి.

మర్నాడు సెలవు పెట్టాను. మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక మిషన్ మూత తీశాను. ఆ మిషన్ నా పెళ్ళికి ముందుది. దాని మీద ఈ ఇంటి పరదాలన్నీ కుట్టాను, అత్తగారి దిండు గలీబులు కుట్టాను, మా ఆయన ప్రతి ప్యాంటూ కింద మడత వేసి కుట్టాను. ఆయన కాలి పొడవు టేపు లేకుండా చెప్పగలను. నా నడుము ఎంతో తెలియదని టేపు చేతిలోకి తీసుకున్నాకే తెలిసింది. చుట్టి చూస్తే ముప్పై ఏడు. ఊపిరి బిగపట్టానేమోనని వదిలి మళ్ళీ చూశాను. ముప్పై ఎనిమిది. యూనిఫాం ప్యాంటు లోపల ముప్పై రెండు అని రాసి ఉంటుంది. నేను కాసేపు మంచం మీద కూర్చున్నాను. బాధేం కలగలేదు. ఆరంగుళాల మనిషిని రోజూ పొద్దున్నే ఎక్కడికి తోసేస్తున్నానా అని మాత్రం అనిపించింది.

ప్యాంటుని నేల మీద పరిచి, మోకాలికి పైన సుద్దముక్కతో గీసి, రెండు కాళ్ళూ కత్తిరించాను. కత్తెర ఆ దళసరి గుడ్డలో కర్ కర్ మంటూ పోయింది. తర్వాత రెండు పక్కల కుట్లూ విప్పి, కోసేసిన కాళ్ళలోంచి నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలు తీసి, తుంటి దగ్గర అటొకటి ఇటొకటి కలిపాను. మామూలు సూదితో కుడితే సాగే గుడ్డ మీద కుట్లు తప్పిపోయాయి. సాగే గుడ్డకి మొన గుండ్రంగా ఉండే సూది వేరే ఉంటుంది, అది మార్చి వంకర కుట్టు పెట్టాను. నడుములోంచి నాడా లాగి పారేశాను. వెడల్పాటి ఎలాస్టిక్‌ని నడుము కన్నా రెండంగుళాలు తక్కువ కోయాలని అందరూ చెప్తారు. నేను ముప్పై ఎనిమిదీ కోశాను. జారకుండా నిలబడితే చాలు, పట్టుకోనక్కర్లేదు. అంతా అయ్యాక చూస్తే ఎడమవైపు పట్టీ తిరగబడి, నూగు బయటికి వచ్చింది. అత్తగారి గలీబైతే విప్పి మళ్ళీ కుట్టేదాన్నే. దీన్ని అలాగే తొడుక్కున్నాను.

అద్దంలో చూసుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి అంట్లు కడిగాను. వంగాను, లేచాను. కడుపు వచ్చి దాని చోట అది కూర్చుంది. జేబులో చెయ్యి పెడితే మణికట్టుదాకా పోయింది. అత్తగారు పైనుంచి కిందికి ఒకసారి చూసి, "నా కొడుకు బట్టా అది?" అన్నారు.

"అవునత్తయ్యా."

"మోకాళ్ళు కనబడుతున్నాయి."

"అవునత్తయ్యా."

ఆవిడ హాల్లోకి వెళ్ళిపోయారు. నేను వాదిస్తే ఆవిడ దగ్గర చాలా మాటలున్నాయి.

మా ఆయన సాయంత్రం తలుపు తీయగానే గుర్తుపట్టాడు. అన్నేళ్ళు పై అరలో ఉన్న ప్యాంటుని మోకాళ్ళ మీదికి ముక్కలయ్యాక ఎంత చప్పున గుర్తుపట్టాడో! "అడగకుండా కోసేశావా? రేపట్నుంచి వాకింగ్‌కి వెళ్దామనుకుంటున్నా" అన్నాడు. "వెళ్ళండి, వేరేది కొనుక్కుని" అన్నాను. "అది కాదు, అడగాలి కదా. నాది కదా." నిజమే, అడగాలి. ఆయన అడిగి తీసుకున్నవి ఏమున్నాయా అని ఆలోచించాను. చాలాసేపు ఆలోచించాను. ఆయన భోంచేసి పడుకున్నాడు.

యూనిఫాం సంగతి కూడా ఆ వారంలోనే చూశాను. ప్యాంటు నడుము వెనకవైపు విప్పి, మిగిలిన ఎలాస్టిక్ వేసి కుట్టేశాను. బెల్టుని ముందరి రెండు లూపుల్లోంచి పోనిచ్చి, వెనకవైపు చొక్కాని కాస్త బయటికి లాగి, దాని కింద వదులుగా వదిలేశాను. మేనేజర్ రోజూ కౌంటర్ల ముందు నుంచి నడుచుకుంటూ పోతాడు. బక్కిల్ కనబడింది, ముందుకెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళూ ఆయన నా నడుమే చూస్తున్నాడని బిగబట్టుకుని నిలబడ్డాను. ఆయన చూసేది బక్కిల్‌ని.

తర్వాతి నెలలో ఒకరోజు మా ఆడపడుచూ వాళ్ళాయనా వచ్చారు. గేటు చప్పుడు వినగానే మా ఆయన వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "వాళ్ళొచ్చేశారు. అది మార్చుకో. బావగారు కూడా ఉన్నారు" అన్నాడు. సరేనని గదిలోకి వెళ్ళాను. నిజంగా మార్చుకుందామనే వెళ్ళాను. కొత్త పైజామా చేతిలోకి తీసుకుని, నాడా రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డాను. ముడి వేయడానికి ముందు అలవాటుగా కడుపు లోపలికి లాక్కున్నాను. ఇంకా తొడుక్కోనేలేదు, కడుపు దానంతటదే లోపలికి పోయింది. పైజామా మంచం మీద పెట్టి దాని పక్కన కూర్చున్నాను. బయట మాటలు, నవ్వులు. కాసేపటికి మా ఆయన గొంతు: "పంచదార ఎక్కడుందే?"

"పై అరలో, ఎడమవైపు."

"టీ పొడి?"

"దాని వెనక."

"నువ్వు రావా?"

"రాను."

కోపంగా లేను. టీ పొంగిపోయిన వాసన వచ్చింది, స్టవ్ ఎవరో కట్టేశారు. ఆడపడుచు తలుపు తోసి లోపలికి తొంగిచూసింది. నన్నూ, నా మోకాళ్ళనీ చూసి, ఏదో జోక్ వేయబోయి ఆగింది. "ఒంట్లో బాలేదా వదినా?" అంది. "బానే ఉంది" అన్నాను. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. వాళ్ళు వెళ్ళాక మా ఆయన రెండ్రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు చొక్కా గుండీ ఊడిందని మామూలుగానే వచ్చాడు. సూదీ దారం డబ్బా తీసి ఆయన చేతికిచ్చాను. గుండీ నల్లదారంతో, కొంచెం పక్కకి కుట్టుకున్నాడు. ఆఫీసులో ఎవరూ చూడలేదట.

నిన్న మధ్యాహ్నం సెలవు. ఆయన సోఫాలో కూర్చుని మ్యాచ్ చూస్తున్నాడు. "రా, కూర్చో, బాగా ఆడుతున్నారు" అంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాకు ఆ ఆట తెలియదు. కిటికీ తెర ఊగడం చూస్తున్నాను. అప్పుడు ఎడమ తొడ మీద ఏదో ఉన్నట్టనిపించింది. బరువుగా, వెచ్చగా, కాస్త చెమ్మగా. చూస్తే ఆయన చెయ్యి. పెళ్ళైన కొత్తలోంచీ ఉన్న అలవాటే, పక్కన కూర్చుంటే అలా చెయ్యి వేస్తాడు. మధ్యలో మానేశాడేమో అనుకున్నాను ఎప్పుడో. మానలేదు. ఎన్నేళ్ళ నుంచి అక్కడ పడి ఉంటోందో, నాకే తెలియలేదు. ఆయన నా వైపు చూడటం లేదు. ఎవడో బంతిని బయటికి కొడితే నా తొడ మీద రెండుసార్లు చరిచాడు, సోఫా చెయ్యి మీద చరిచినట్టే. ఒక్కో వేలూ విడివిడిగా తెలిసింది. ఉంగరం చల్లగా తెలిసింది.

"చెయ్యి తీయండి" అన్నాను.

టీవీ మీంచి చూపు తిప్పకుండానే "ఏం, నొప్పి పుడుతోందా?" అన్నాడు.

"లేదు. తెలుస్తోంది."